సూది కొన దొరికేదాకా

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. మా కుట్టు టీచరమ్మ నిద్రలోనే పోయారని ఆమె కోడలు చెప్పింది. పొయ్యి మీది పాలు దించి, ఏ చెప్పులు వేసుకున్నానో కూడా చూసుకోకుండా రెండు వీధులు నడిచాను. ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళు తిరుపతిలో వీధికొకరున్నారు. ఆమెకు అబద్ధం చెప్పి అక్కడికక్కడే దొరికిపోయింది మాత్రం నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆ సంగతే మీకు చెప్పాలి.

అవి పంతొమ్మిదివందల డెబ్బైల చివరి రోజులు. ఆమె ముందుగదిలో నాలుగు తొక్కుడు మిషన్లుండేవి. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నడుముకు కత్తెర వేలాడేసుకుని మా వెనక తిరిగేవారు. చెప్పులుండవు కాబట్టి ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలిసేది కాదు. ఎవరి సూదైనా విరిగితే గదిలో అందరం కాళ్ళు ఆపేసి చేతులెత్తేయాలి. విరిగిన కొనను వెతికి, తెల్లకాగితం మీద మిగిలిన సూదికి అతికించి చూపేదాకా ఎవరూ లేవకూడదు. అతికాక రెండు ముక్కలూ పాత పౌడరు డబ్బాలో వేసేవారు. సూది విరగడం తప్పు కాదు, ముక్క దాస్తేనే తప్పు అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

అప్పటికి నాకు మిషను ఎంబ్రాయిడరీ బాగా పట్టుబడింది, తలకూ ఎక్కింది. సూది పక్కన బట్టను అదిమిపట్టే ఇనుప ముక్కను పాదం అంటాం. ఎంబ్రాయిడరీకి ఆ పాదం తీసేసి, బట్టను రింగులో బిగించి, ఎటు కావాలంటే అటు తిప్పుతూ కుడతాం.

అదే సమయంలో మా అక్క తొలికాన్పుకు ఇంటికొచ్చింది. పుట్టిన బిడ్డను మొదట అమ్మమ్మ పాతచీరల బొంత మీద పడుకోబెట్టడం మా ఇళ్ళలో ఆచారం. బొంత కుట్టాల్సిన మా అమ్మేమో మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుని, పుత్తూరు కట్టుతో కూర్చుంది. నేను మిషను మీద తీగలూ పువ్వులూ వేసి మరీ కుడతానని గొప్పలు పోయాను. రేపు మాపు అంటూ కాలం గడిపేసరికి అక్కకు నొప్పులు వచ్చేశాయి. నాయన ఆమెను ఆసుపత్రిలో చేర్చి, మధ్యాహ్నం బొంత కోసం వస్తానన్నాడు.

అమ్మ పాతచీరలు పట్టుకుని మిషను దగ్గరికి పరుగెత్తితే, టీచరమ్మ నా ముందు రెండు పాదాలు పెట్టారు. ఒకటి మామూలుది. దాని కింద బొంత నేరుగా తప్ప నడవదు, పై పొర జరిగి ముడతలు పడుతుంది. రెండోది స్ప్రింగు పాదం. సూది దిగినప్పుడు నొక్కుతుంది, లేచినప్పుడు వదులుతుంది, ఆ సందులో బొంతను ఎటైనా తిప్పుకోవచ్చు. బొంతంత మందంగా పీలికలు పేర్చి, వాటి మీద రెండూ వేసి చూసుకోమన్నారు.

"ఏ పాదమో బట్టను అడగాల పాపా, మన గొప్పను గాదు," అని లోపలికి పోయారు.

అడిగే ఓపిక నాకెక్కడిది! రెండూ పక్కకు నెట్టి, అలవాటుకొద్దీ పాదమే లేకుండా మొదలుపెట్టాను. ఐదు పొరల బొంత రింగులో పట్టదు. అదిమేది ఏదీ లేక, సూది లేచినప్పుడల్లా బొంతా లేస్తోంది. కుట్లు తప్పుతున్నాయి. విసుగొచ్చి ఒక్క గుంజు గుంజాను. సూది టప్పుమని విరిగింది.

నాలుగు మిషన్లూ ఆగాయి. కొన నేల మీద లేదు, బల్ల మీద లేదు, నా ఒళ్ళో లేదు. ఉంటే బొంతలోనే ఉండాలి, పసిబిడ్డ వీపు కింద. అంతలో వాకిట్లో నాయన సైకిలు గంట వినిపించింది. ఆడబిడ్డ పుట్టిందట, అక్క బొంత అడుగుతోందట.

ఆ తర్వాత చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. టీచరమ్మ లోపల్నుంచి వచ్చేలోపు పౌడరు డబ్బాలోంచి ఒక పాత కొన తీసి, ఆమె రాగానే దొరికిందన్నాను. టీచరమ్మ దాన్ని కాగితం మీద పెట్టి, నా సూదికి ఆనించారు. నా సూది ఏటవాలుగా విరిగింది, ఆ కొన అడ్డంగా విరిగింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. అతకలేదు. తిట్టినా బాగుండేది.

"ఇది దీని కొన గాదు పాపా," అని, వాకిట్లోకి పోయి నాయనతో చెప్పారు. "అన్నా, ఈ పొద్దు బొంత ఇయ్యను. లోపల సూదిముక్క ఉండాది."

నాయన నా వైపు ఒకసారి చూసి, సైకిలు తిప్పుకున్నాడు. అక్క బిడ్డ ఆ రోజు ఆసుపత్రి దుప్పటి మీదే పడుకుంది. అక్క నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నాయన వెళ్ళాక టీచరమ్మా నేనూ కూర్చుని ఒక్కో కుట్టూ విప్పాం. పొద్దు వాలే వేళకు, మూడో పొర కింద అమ్మ చీర అంచులో కొన దొరికింది. కాగితం మీద పెడితే అతికింది. నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడు స్ప్రింగు పాదం నాచేతే బిగించి, ముందు పీలికల మీద, ఆ తర్వాతే బొంత మీద కుట్టించారు.

కుట్టడం అయ్యాక ఆమె బొంతను నేల మీద పరిచి, దానిమీద పడుకుని, చెంప ఆనించి జానెడు జానెడు జరుగుతూ అంతా తడిమి చూశారు. కొన దొరికింది కదా టీచరమ్మా అన్నాను.

"నిన్న గూడా దొరికిందనే అంటివి గదా," అన్నారు. తర్వాత నా చెంపా ఆనించమన్నారు.

మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఏడు కొత్తగా చేరిన పిల్లలకు నేర్పే పని నాకే అప్పగించారు. ఆ నమ్మకమే నాకు ఇన్నేళ్ళు అన్నం పెట్టింది.

నిన్న నేను పోయేసరికి నలుగురు ఆమెను మంచం మీంచి ఎత్తుతున్నారు. కోడలు కింద బొంత పరిచింది. ఆమె కుట్టుకున్నదే, నిండా తీగలు. ఒక్క నిమిషం ఆగమని, నేల మీద వంగి, చెంప ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జరిగాను. నలుగురూ ఆమెను చేతుల మీదే పట్టుకుని, నేను లేచేదాకా నిలబడ్డారు.