వడ్లు ఆరబోసిన గ్రౌండులో మా ఆఖరి మ్యాచ్

కార్తీకం, ఆదివారం. పొద్దున మంచు. ఎనిమిది దాటినా ఎండ సరిగా రాలేదు. షాపు షట్టరు పట్టాలకు గ్రీజు పెట్టి, తాళం వేసి బయలుదేరాను. కామారెడ్డి రైల్వే గేటు దగ్గర నాది మోటార్ వైండింగ్ షాపు. కోతల కాలంలో ఆదివారం కూడా మూయను. ఈ రోజు మూసింది మా గేటు జట్టు కోసం. నాకు ఆట రాదు. చూడటం మాత్రం షాపు ముందు ఆడే పిల్లల్ని చూసి నేర్చుకున్నాను. వాళ్ళే పెద్దవాళ్ళై ఇప్పుడు ఈ జట్టయ్యారు.

నాలుగు జట్ల ఫుట్‌బాల్ పోటీ ఇది. అన్ని మ్యాచ్‌లూ అయ్యి ఒక్కటే మిగిలింది. ఎల్లారెడ్డి వాళ్ళు మాకంటే రెండు పాయింట్లు ముందున్నారు. ఆఖరి మ్యాచ్ వాళ్ళతోనే, వాళ్ళ ఊళ్ళోనే. డ్రా అయితే కప్పు వాళ్ళది. మాకు గెలుపు తప్ప వేరే దారి లేదు. మా కెప్టెన్ నరేష్‌కు అది మరీ కావాలి. సెంట్రింగ్ పని చేసుకుంటూ చిన్నప్పటి నుంచి ఈ జట్టుకే ఆడాడు, ఒక్కసారి కూడా కప్పు పట్టుకోలేదు. గురువారం దుబాయి విమానం ఎక్కుతున్నాడు. తిరిగొచ్చేసరికి మోకాళ్ళు ఆడనిస్తాయన్న నమ్మకం అతనికి లేదు.

కామారెడ్డి బస్టాండు నుంచి ఎల్లారెడ్డికి తాడ్వాయి, లింగంపేట మీదుగా బస్సులు ఉంటాయి. గంటకు కాస్త ఎక్కువే పడుతుంది. టికెట్ వంద లోపే. ఆదివారం పొద్దున సీటు కావాలంటే బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే ఎక్కాలి. మేము అలా ఎక్కలేదు కాబట్టి జట్టంతా నిలబడే ప్రయాణం చేసింది. ఉచిత టికెట్ కోసం ఆధార్ కార్డులు పట్టుకున్న ఆడవాళ్ళ మధ్య నుంచి కండక్టర్ మా దాకా వచ్చి బూట్ల సంచుల వైపు చూశాడు.

"గేటోళ్ళే గద? పోయినేడు గూడ నా బస్సులనే పోయిండ్రు."

"అవునే," అన్నాడు నరేష్.

"వచ్చేటప్పుడు ఉత్త చేతులతోని వచ్చిండ్రు. కప్పుకు లగేజీ టికెట్ కొడదామని చూస్తే నాకు గిరాకీ లేకపాయె."

"ఇయ్యాల కొడ్తవు తియ్యి."

"నీ మొకం జూస్తే గట్ల అనిపిస్తలేదు తమ్మీ."

అందరూ నవ్వారు. నరేష్ నవ్వాడు కానీ కమ్మీని పట్టుకున్న చెయ్యి వదల్లేదు. తాడ్వాయి దాటాక అతని పక్కన నిలబడ్డాను. రోడ్డుకు ఒక వైపు సగం దాకా వడ్లు పోసి ఉన్నాయి. డ్రైవరు బస్సును రెండో వైపు నుంచే నడుపుతున్నాడు. ఎవరూ ఏమీ అనడం లేదు. ఈ కాలంలో అంతే.

దారిపొడవునా నేను మా అవకాశాల గురించే ఆలోచించాను. వెనక ఆడేవాళ్ళు గట్టివాళ్ళు. గోల్ కాచే మా గోలీ భయపడడు. మా రోగం ముందు వరుసలో ఉంది. గోల్ దగ్గరికి వెళ్ళాక అందరూ నరేష్ కోసం చూస్తారు. అతన్ని ఇద్దరు చుట్టుముడితే బంతి ఎవరికివ్వాలో తెలియక వెనక్కి కొడతారు. ఎల్లారెడ్డి వాళ్ళకు ఈ సంగతి తెలుసు. పైగా డ్రా చాలు కాబట్టి వాళ్ళు ముందుకు రారు. గోడ కట్టి కూర్చుంటారు. పదిలో మూడు వంతులు మాకు అవకాశం ఉందని లెక్క వేసుకున్నాను. నరేష్ అడిగితే "సగం సగం" అని చెప్పాను.

ఎల్లారెడ్డి బస్టాండు బయట కుడి చేతి వైపు చిన్న హోటల్ ఉంది. పూరీ బాగుంటుంది, ఉదయం పదకొండు దాటితే దొరకదు. పొయ్యి దగ్గరున్న పెద్దాయన మా జెర్సీలు చూసి అడక్కుండానే ఇంకో రెండు పూరీలు వేశాడు.

"కామారెడ్డోళ్ళా? ఇప్పుడే మంచిగ తినుండ్రి. సాయంత్రానికి తినబుద్ధి గాదు."

"ఎవలకు బాపూ?" అన్నాడు మా గోలీ.

"నాకెందుకు బిడ్డా, ఎవలు ఓడినా చాయ్ నా దగ్గరనే తాగుతరు."

బస్టాండు నుంచి గ్రౌండుకు నడిచే దూరమే. వెళ్ళి చూస్తే కుడి మూల అంతా వడ్లు. కొనుగోలు కేంద్రం దగ్గర జాగా లేక ఒక ముసలమ్మ అక్కడ ఆరబోసుకుంది. సున్నం గీత పక్క నుంచి మొదలై ప్రహరీ దాకా ఉన్నాయి. ఆమె వట్టి కాళ్ళతో వాటిలో అటూ ఇటూ నడుస్తూ, పాదాలతో చాళ్ళు తీస్తూ తిరగేస్తోంది. లింగంపేట నుంచి వచ్చిన పీఈటీ సారు రిఫరీ. ఆయన రెండు జట్లనూ పిలిచి చెప్పాడు: "వడ్లల్ల పడ్డ బాల్ బయటికి పోయినట్టే. చేతితోని తియ్యాలె. బూట్లతోని ఎవడన్న దిగిండంటే నేను గాదు, అవ్వ ఇస్తది రెడ్ కార్డు." ఎవరికీ అభ్యంతరం లేదు. రెండు జట్లలోనూ సగం మంది వరి పండించే ఇండ్ల వాళ్ళే.

మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ మొదలైంది. మొదటి సగంలోనే ఒక కార్నర్ నుంచి వాళ్ళు గోల్ వేశారు. రెండో సగంలో నరేష్ ఫ్రీకిక్‌తో సమం చేశాడు. ఆ తర్వాత నేను అనుకున్నట్టే వాళ్ళు గోడ కట్టారు. పది మంది గోల్ ముందే. మా వాళ్ళు కొట్టడం, అది ఎవరి కాలికో తగిలి రావడం. చేతిలో నీళ్ళ సీసా ఉన్నా తాగాలని నాకు తోచలేదు.

ఇంకా పావుగంట ఉందనగా మబ్బు పట్టింది. ముసలమ్మ గాభరాగా వడ్లను పారతో కుప్ప చేయడం మొదలుపెట్టింది. ఆ తొందరలో కుప్ప అంచు జారి గీత దాటి గ్రౌండులోకి వచ్చింది. నేను అటే నిలబడి ఉన్నాను, చూశాను. రిఫరీ దూరంగా ఉన్నాడు, వడ్లు లోపలికి వచ్చిన సంగతి ఆయన చూడలేదు.

ఆఖరి నిమిషాల్లో వాళ్ళు ఒక్కసారి ఆశపడి ముందుకొచ్చారు. బంతి మా వాళ్ళకు దొరికింది. పొడుగ్గా కుడి వైపుకు కొట్టారు. నరేష్ ఒక్కడే పరుగు, వెనక వాళ్ళ డిఫెండర్ ఒకడు. గోల్ ముందు మా సాయి ఒంటరిగా చేతులు ఊపుతున్నాడు. బంతి దొర్లి గీత లోపలే వడ్లలోకి వెళ్ళి ఆగిపోయింది. రిఫరీ విజిల్ వేయలేదు. ఆయన లెక్కలో వడ్లు గీత బయటే ఉన్నాయి, బంతి గీత లోపల ఉంది కాబట్టి ఆట నడుస్తున్నట్టే. ఒక్క అడుగు వేసి తంతే చాలు.

నరేష్ ఆగాడు. కూర్చుని ఎడమ బూటు లేసు విప్పసాగాడు. వెనక వచ్చిన డిఫెండర్ అతన్ని దాటుకుని బంతి లాక్కోవచ్చు. అతనూ ఆగి, కూర్చుని తన లేసు విప్పసాగాడు. గ్రౌండంతా అరుస్తోంది. వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని ముడులతో కుస్తీ పడుతున్నారు. నరేష్ ముడి ముందు ఊడింది. వట్టి ఎడమ కాలు వడ్లలో మోపి, బూటున్న కుడి కాలు కింద పెట్టకుండా దాంతోనే తన్నాడు. బంతితోపాటు వడ్లు లేచి, విప్పిన బూటులోనూ పడ్డాయి. బంతి సాయి దగ్గరికి చేరేసరికి వాళ్ళ జట్టు మొత్తం తిరిగొచ్చి ఉంది. ఎవరో దాన్ని ప్రహరీ అవతలికి తన్నారు. ఆఖరి విజిల్ పడింది.

ఎల్లారెడ్డి వాళ్ళు సంబరంతో మైదానం మీద పడి దొర్లారు. నరేష్ అక్కడే వడ్లలో ఒంటి కాలి మీద నిలబడి ఉన్నాడు. ముసలమ్మ పార ఆపి అతని వైపు చూసింది.

"తొక్కకపోయినవా బిడ్డా. చెరుగుకోనా నేను?"

"గిప్పుడు చెప్తున్నవా అవ్వా," అన్నాడు. చినుకులు మొదలయ్యాయి. ఆమె టార్పాలిన్ ఒక అంచు అతని చేతికిచ్చింది. రెండో అంచు ఆ డిఫెండర్ పట్టుకున్నాడు.

ఇదంతా తిరుగు బస్సులో ఫోనులో రాస్తున్నాను. నరేష్ లేకుండా వచ్చే ఏడు మా అవకాశాలు పదిలో ఒక వంతు. అంతకంటే ఎక్కువ అని చెప్పలేను. అతను బూటుతో దిగి ఉంటే కప్పు వచ్చేదేమో. ఆ మాట బస్సులో ఎవరూ అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉంది, ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను. ఆ చోట నేనున్నా లేసు విప్పేవాణ్ణే అని కూడా అనుకుంటున్నాను. రెండూ నిజమే.

కోతల కాలంలో ఇటువైపు మ్యాచ్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. గ్రౌండుకు గంట ముందే వెళ్ళండి. వడ్లు ఎవరివో కనుక్కుని, అవి గీత లోపలికి వస్తే ఏం చేయాలో ఆ మనిషితోనూ రిఫరీతోనూ ముందే మాట్లాడుకోండి.

లింగంపేట దాటాం. వాన నిలిచింది. నరేష్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎడమ బూటు ఒడిలో ఉంది, అందులోంచి ఒక్కొక్క వడ్ల గింజా తీసి కిటికీ చువ్వ మీద పెడుతున్నాడు. కామారెడ్డి వచ్చేలోపు ఆ బూటు తొడుక్కొమ్మని చెప్పాలి.