పదమూడు ఓట్ల ఇంగ్లీషు క్లాసు

ఆ రోజుల్లో మా చిలకలూరిపేట చుట్టుపక్కల డిగ్రీ పాసైన ప్రతి మొనగాడికీ ఒకటే జబ్బు, ఇంగ్లీషు నోటికి రాకపోవడం. దానికి మందు కూడా ఒకటే, స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూటు. (ఆ మందుతో జబ్బు నయమైనవాళ్లు చాలా అరుదు. ఆ అరుదైనవాళ్లలో మా మాస్టారు లేరు.) మా ఇన్‌స్టిట్యూటు ఒక పురుగుమందుల షాపు మీద ఉండేది. మెట్లెక్కుతుంటేనే తల తిరిగేది. ఇంగ్లీషు అనగానే ఇప్పటికీ నాకు పత్తి చేలో మందు కొట్టిన వాసనే వస్తుంది.

మాస్టారు అంతకుముందు ట్యుటోరియల్ కాలేజీలో సివిక్స్ చెప్పేవారు. అది మూతబడ్డాక ఇంగ్లీషు మీద పడ్డారు. ఆయనకు రాజులు, నియంతలు, పార్లమెంట్లు తప్ప ఇంకేమీ తెలియదు కాబట్టి ఇఫ్, అన్‌లెస్, ప్రొవైడెడ్ దట్ లాంటి షరతుల మాటలన్నిటినీ తీసుకెళ్లి వాళ్ల మెడకే కట్టారు. "ఇఫ్ ద కింగ్ ఈజ్ మ్యాడ్, ద పీపుల్ సఫర్" అని ఆయన అనేవారు, మేం పదమూడు మందిమి గొంతు చించుకుని అరిచేవాళ్లం. "అన్‌లెస్ ద డిక్టేటర్ డైస్, నో ఎలక్షన్" అని అరిచినప్పుడైతే, కింద మందు డబ్బాలు కొనుక్కుంటున్న రైతులు పైన ఎవరో పోయారనుకుని తలలెత్తి చూసేవాళ్లు.

ఇంతలో గుంటూరులో మిరపకాయలు విదేశాలకు పంపే కంపెనీ ఒకటి, బయ్యర్లతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడే మనిషి కావాలని మాస్టారికి కబురు పెట్టింది. ఆ ఉద్యోగం నాకు చావుబతుకుల సమస్య. ఎందుకంటే మా నాన్న అప్పటికే తేల్చి చెప్పాడు. "ఒరేయ్, డిగ్రీ అన్నావు, చదివించా. ఇంగ్లీషన్నావు, చేర్పించా. ఈ నెలాఖరుకి ఉద్యోగం రాలేదనుకో, నోరు మూసుకుని కాయ కోతకి రా. కూలోళ్లు దొరక్క చస్తన్నా ఇక్కడ!" మిరపకాయలు కోసిన చేత్తో పొరపాటున కళ్లు నలుపుకున్నవాళ్లకి నా భయం ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

మాస్టారు పెద్ద మేధావిలా ఒక పథకం వేశారు. "సోమవారం రాచరికం, మంగళవారం నియంతృత్వం, బుధవారం నుంచి ప్రజాస్వామ్యం. షరతుల వాక్యాలన్నీ అందులోనే నేర్పేస్తా. శనివారం మీలో మీరే ఎన్నిక పెట్టుకోండి. నిలబడ్డవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడాలి, మిగతావాళ్లు విని ఓటెయ్యాలి. గెలిచినవాడి పేరు కంపెనీకి పంపుతా. వాడు అక్కడ పనికిరాకపోతే రెండో పేరు నా ఇష్టం" అన్నారు. పిచ్చి మాస్టారు! గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టినవాళ్ల చెవిన ఎన్నిక అనే మాట వేసి, ఆ తర్వాత వ్యాకరణం చదువుకోమంటారా? ఆ సాయంత్రం నుంచి ఒక్కడు పుస్తకం తెరిస్తే ఒట్టు.

నిలబడింది ఇద్దరం. నేనొకణ్ణి, రెండోవాడు సెంటుబాబు. (పురుగుమందు వాసన తట్టుకోలేక ఒంటి నిండా సెంటు కొట్టుకొచ్చేవాడు. రెండూ కలిస్తే ఇంకా ఘోరం.) హైదరాబాదులో ఆర్నెల్లు ఉండొచ్చాడు కాబట్టి వాడికి ఎంతో కొంత ఇంగ్లీషు వచ్చు. నాకు బొత్తిగా రాదు. నా తరఫున మా బావ, అంటే మేనత్త కొడుకు, క్లాసులో లేకపోయినా లెక్క కట్టాడు. నా వైపు నాతో కలిపి ఆరు, వాడి వైపు వాడితో కలిపి ఆరు. మిగిలింది టైలరక్క. ఆవిడ బజార్లో భర్తతోపాటు కుట్టుమిషను తొక్కి, సాయంత్రం క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చునేది. సెంటుబాబు ఆవిడకి బిర్యానీ పొట్లం పంపాడు. "రంజాన్ నెల తమ్ముడూ, ఒక్కపొద్దులో ఉన్నా" అని తిప్పి పంపేసింది. ఆ తిప్పి పంపడం చూసి నేను ఆవిడ నా మనిషేనని నిర్ణయించుకున్నాను. నా తెలివి అంతటిది.

"స్పీచులెందుకురా బామ్మర్దీ, మనవాళ్లని క్యాంపుకి లేపేద్దాం" అన్నాడు బావ. మండలాధ్యక్షుడి ఎన్నికొస్తే సభ్యుల్ని ఎవరికీ దొరక్కుండా ఎక్కడో దాచి, ఓటు రోజున తిన్నగా వ్యానులో తెచ్చి దించడం మా వైపు ఆచారం. పెద్దలు చేసిందే మేమూ చేశాం. బుధవారం పొద్దున్నే ఐదుగురు ఓటర్లని మార్టూరులో బావ బాబాయిగారి గ్రానైటు పాలిషింగ్ యూనిట్ వెనక గదిలో పెట్టాం. ఫోన్లన్నీ బావ సంచిలో. మూడు రోజులు రాయి కోసే మిషను చెవుల్లో మోగుతూనే ఉంది. ఒకడు మాత్రం, "అన్నా, ఖాళీగానే ఉన్నాంగా, ఆ అన్‌లెస్ పాఠం ఒకసారి చూద్దామా?" అన్నాడు. వీడెవడో సెంటుబాబు మనిషిలా ఉన్నాడని మాకు అనుమానం వచ్చి, ఆ తర్వాత వాణ్ణి బాత్రూముకి కూడా ఒంటరిగా పంపలేదు. అక్కడ సెంటుబాబు తన వాళ్లని సింగరాయకొండ తీసుకెళ్లి దేవుడి ముందు ప్రమాణాలు చేయించాడట. ఆ మూడు రోజులూ క్లాసులో మాస్టారూ, టైలరక్కా, ఇద్దరే.

శనివారం రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి. నా ఓటర్లు తలనుంచి పాదాల దాకా రాతి పొడితో తెల్లగా దిగారు. వాడి ఓటర్లు నుదుట బొట్లతో దిగారు, ఒకడైతే ఏకంగా గుండుతో. సెంటుబాబు లేచి, తప్పో ఒప్పో, నాలుగు ఇంగ్లీషు వాక్యాలు మాట్లాడాడు. నేను లేచి "ఇఫ్ ఐ విన్..." అన్నాను. తర్వాత ఏముంటుందో నాకు తెలియదు. కాసేపు ఫ్యాను వైపు చూసి, "అందరికీ న్యాయం చేస్తానని మనవి చేసుకుంటున్నా!" అని తెలుగులో ముగించాను. నా ఐదుగురూ క్యాంపులో నేర్పినట్టే చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్లజోడు తీసి, "నువ్వు నిలబడవామ్మా?" అని అక్కని అడిగారు. "వద్దండి, నాకు ఓటు చాలు" అంది ఆవిడ.

ఏడు, ఆరు. నేను గెలిచాను! బావ ఎక్కడినుంచో బంతిపూల దండ తెచ్చాడు. బండి మీద కూర్చోబెట్టి బస్టాండు దాకా ఊరేగించాడు. ఎవరో పెళ్లికొడుకనుకుని ఒక ముసలమ్మ అక్షింతలు వేసినంత పని చేసింది.

మంగళవారం గుంటూరులో కంపెనీ మేనేజరుగారు ఒకటే ప్రశ్న వేశారు. "సరుకులో తేమ ఎక్కువుందని బయ్యరు గొడవ చేస్తే ఏం చెబుతావు? ఇంగ్లీషులో చెప్పు." "ఇఫ్..." అన్నాను. ఆయన ఆగారు. "ఇఫ్ సార్..." అన్నాను. ఆయన టీ తెప్పించారు. టీ తాగినా లోపలి నుంచి ఇంకో మాట రాలేదు. మర్నాడు మాస్టారు రెండో పేరుగా అక్కని పంపారు. ఆవిడ వెళ్లింది, మాట్లాడింది, ఉద్యోగంలో చేరింది. నేను మిరప చేలోకి వెళ్లాను. "ఏరా, ఎమ్మెల్యే గారూ, ఆ సాలు నీది" అన్నాడు నాన్న.

అయినా నా పొగరు అణగలేదండి. క్యాంపు ఓట్లు సరే, ఆ ఏడో ఓటు మాత్రం నన్ను, నా వ్యక్తిత్వాన్ని చూసి పడిందని ఏళ్ల తరబడి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకు తిరిగాను. మా ఆవిడకి పెళ్లిచూపుల్లోనే చెప్పాను. మొన్నీమధ్య నా కాయలు చూపిద్దామని ఆ కంపెనీకి వెళ్తే, మేనేజరు కుర్చీలో అక్క ఉంది. గుర్తుపట్టి కూర్చోబెట్టింది. మాటల్లో, "ఆ రోజు నాకెందుకు ఓటేశావక్కా?" అని అడిగాను, పొగడ్త కోసం చెవులు రిక్కించి.

అక్క కళ్లజోడు సర్దుకుని నింపాదిగా చెప్పింది. "సెంటబ్బాయి గెలిస్తే ఏదో కాస్త మాట్లాడి ఉద్యోగం కొట్టేసేవాడు తమ్ముడూ. నువ్వైతే తిరిగొస్తావని నాకు గ్యారంటీ."

నవ్వాను. ఇంకేం చెయ్యను? గెలిచానని బావ బండెక్కి ఊరేగిన ఆ కుర్రవెధవ ఇప్పుడు ఎదురుపడితే రెండు లెంపకాయలు వాయించాలనిపిస్తుంది. వాయించను లెండి. పాపం, అంత సంతోషంగా వాడు మళ్లీ ఎప్పుడూ లేడు.