కుడి లేన్లో నలభై

ఆ రోజుల్లో కారు కొనడం ఒక ఎత్తు, ఆ కారు నడపడానికి ఇంట్లో పెద్దవాళ్ళను ఒప్పించడం ఇంకో ఎత్తు. ఇప్పటి పిల్లలు లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రమే తాళాలు తీసుకుని బయటపడతారు. "నిదానంగా పోండి" అని వెనక నుంచి ఒక కేక వేస్తే మన బాధ్యత తీరిపోతుంది. మా నాయన కేకతో వదిలే మనిషి కాదు. ఆయన నన్ను నేరుగా దేవుడికి అప్పజెప్పాడు.

మాది చంద్రగిరి పక్కన పల్లె. మామిడి కాపు బాగా వచ్చిన ఏడాది నాయన ఒక పాత తెల్ల కారు కొన్నాడు. ఆయనకు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. నాకు తిరుపతిలో కొత్త ఉద్యోగం, జేబులో కొత్త లైసెన్సు, కాబట్టి డ్రైవర్ని నేనే. కారుకు పూజ చేయించాలని కాణిపాకం తీసుకుపోయాడు. అక్కడికి పోయాక తెలిసింది, పూజ కారుకే గానీ ప్రమాణం నాకని. (కాణిపాకం వినాయకుడి ముందు చేసిన ప్రమాణం తప్పితే ఆయన ఊరుకోడని మా చిత్తూరు వైపు నమ్మకం. తాగుడు మానాలనుకున్నవాళ్ళను పెళ్ళాలు చెయ్యి పట్టుకుని అక్కడికే లాక్కొస్తారు.) నా ముందు నిలబడినవాళ్ళూ నా వెనక నిలబడినవాళ్ళూ ఆ బాపతే. పూజారి నన్ను ఎగాదిగా చూసి నాయనను అడిగాడు, "తాగుడా, పేకాటా?" అని. "కారు సామీ" అన్నాడు నాయన. పూజారి నా వైపు మునుపటికన్నా జాలిగా చూశాడు.

ప్రమాణంలో రెండు మాటలు. బండి ముల్లు నలభై దాటకూడదు. పెద్ద రోడ్డు ఎక్కితే మధ్యలో ఉండే గట్టును ఆనుకునే పోవాలి. ఈ రెండోది నాయన సొంత పరిశోధన. "ఎడమ పక్క బస్సులు ఆగతాయి, ట్రాక్టర్లు ఎక్కతాయి, బైకులోళ్ళు ఎదురొస్తారు, బర్రెలు అడ్డం పడతాయి. గట్టు పక్కన ఏముండాది? గన్నేరు చెట్లు. అవి కదలవు గదా" అన్నాడు. అప్పట్లో నాకు ఆ వాదనలో తప్పేమీ కనిపించలేదు.

వారం తిరక్కుండానే అక్కకు చిత్తూరులో టీచరు ఉద్యోగం పరీక్ష పడింది. అంతకు ముందు రెండుసార్లు కొద్దిలో తప్పిపోయింది, వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు, ఆ తరవాత నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. అక్క పాపం బస్సులోనే పోతానంది. కారులో అయితే కాళ్ళు చాపుకుని చదువుకోవచ్చని బలవంతం చేసిన తెలివిమంతుడిని నేనే. అమ్మ ఇడ్లీలు కట్టి, దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పంపేసరికి అనుకున్నదానికన్నా ఆలస్యమైంది.

రోడ్డెక్కి గట్టు పక్కకు చేరాను. ముల్లు నలభై మీద నిలబెట్టాను. ఐదు నిమిషాల్లో నా వెనక ఊరేగింపు తయారైంది. కార్లు, పాల వ్యాన్లు, తిరుమల నుంచి తిరిగిపోతున్న గుండ్ల జీపొకటి, అందరూ హారన్లే. ఒక లారీ డ్రైవరు ఎడమ నుంచి ముందుకొచ్చి, అద్దంలోంచి తల బయటపెట్టి, "ఏమప్పా, గన్నేరు పూలు కోసుకుంటా పోతా ఉండావా?" అని అడిగి వెళ్ళిపోయాడు. అక్క పుస్తకం మూసేసింది. "రేయ్, బిరీనన్నా పో, ఎడమకన్నా జరుగు. రెండింట్లో ఒకటన్నా చెయ్యి" అంది. "ప్రమాణమక్కా" అన్నాను. ఆ మాట వినగానే తను మళ్ళీ పుస్తకం తెరిచింది. తనూ ఆ జిల్లా మనిషే గదా.

పాకాల దారి చీలే చోటు దాటాక పోలీసు జీపు అడ్డం వచ్చి ఆపించింది. ఎస్సై దిగి మర్యాదగానే మొదలుపెట్టాడు. "కుడి లేను దాటుకోని పొయ్యేవాళ్ళది. నిదానంగా పొయ్యేవాళ్ళు ఎడమకి రావాల. అది చట్టం. ఎనక్కి తిరిగి సూడు, తిరణాల మాదిరి ఉండాది" అన్నాడు. నేను చేతులు కట్టుకుని కాణిపాకం సంగతి చెప్పాను. ఎస్సై రసీదు పుస్తకం తీయబోయి ఆగాడు. పక్కనున్న కానిస్టేబులు గొంతు తగ్గించి, "వద్దు సార్. మా సిన్నాయన తాగనని ఆడ ప్రమాణం చేసి తప్పినాడు. నెల తిరక్కుండా ఎద్దు పొడిసింది" అన్నాడు. ఎస్సైదీ ఆ పక్కేనేమో, రసీదు పుస్తకం లోపల పెట్టేసి మా నాయనకు ఫోన్ చేయమన్నాడు.

ఫోన్లో చట్టమంతా ఓపికగా వివరించాడు. నాయన అంతా విని, "మీరు చెప్పేది నిజమే సార్. చట్టం మీది. కొడుకు నాది" అన్నాడు. అంతకు ముందు ఏడాదే మా పల్లె కుర్రాడొకడు ఆ రోడ్డు మీదే ప్రమాదంలో పోయాడు. ఆ సంగతి ఎస్సైకీ తెలుసు. "మీరే వచ్చి మీవాడికి చెప్పండి" అని ఫోన్ నాకిచ్చేశాడు. అంతలో అక్క ఏడుపు వినిపించింది. "సార్, గేటు మూసేస్తారు" అంది హాల్ టికెట్ చూపించి. ఎస్సై గడియారం చూసుకుని, "నువ్వు జీపెక్కమ్మా" అన్నాడు. నాతో మాత్రం, "నువ్వు ఈడనే ఉండు. మీ నాయన వచ్చేదాకా బండి కదిలించొద్దు" అన్నాడు. అక్క నా వైపు చూడకుండానే జీపెక్కింది. జీపు సైరన్ మోగిస్తూ ఎడమ, కుడి అని చూడకుండా దూసుకుపోయింది.

రోడ్డు పక్కన కారు, కారు పక్కన నేను, నాకు కాపలాగా కానిస్టేబులు. నాయన ఎక్కిన బస్సు మమ్మల్ని దాటిపోయి ముందు స్టాపులో ఆగింది. అక్కడ ఎవరినో బతిమాలి బైకెక్కి, రోడ్డు ఎడమ అంచున, వచ్చే బండ్లకు ఎదురుగా, పంచె ఎగరేసుకుంటూ మా వైపు వచ్చాడు. ఎడమ పక్క ఎదురొచ్చే బైకుల గురించి ఆయన చెప్పింది ఎంత నిజమో అప్పుడు కళ్ళారా చూశాను. దిగీ దిగగానే "పాప పోయిందా?" అన్నాడు. ఎస్సై ఫోన్ చేశాడని, గేటు మూయబోతుండగా లోపలికి పోయిందని కానిస్టేబులు చెప్పాడు. (పోలీసు జీపులోంచి దిగిన అక్కకు వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడట.) నాయన కారు బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. తరవాత ముందు సీట్లో కూర్చుని, "కాణిపాకం పోనీ. ఎడమ పక్కనే పో. సామికి నేను చెప్పుకుంటాలే" అన్నాడు. మాట తప్పిన పాపం నాది కాకుండా ఆయన నెత్తిన వేసుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. నేనేమో నలభై ఐదు పోవచ్చా అని అడుగుతూ ఉన్నాను.

గుడిలో ఆ పూజారే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టి, "వారం కూడా కాలేదే, అప్పుడే మళ్ళా మొదలు పెట్టినాడా?" అన్నాడు.

అక్కకు ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు హెడ్ మిస్ట్రెస్ కూడా అయింది. నేను లేన్ల పండితుడినయ్యాను. కుడి లేను ఎవరిది, ఎడమ లేను ఎవరిదని ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీతో పాటు వడ్డిస్తుంటాను. మొన్న అదే రోడ్డు మీద వస్తుంటే ముందు ఒక చిన్న కారు కుడి లేన్లో నలభైలో పోతోంది. హారన్ కొట్టాను, లైట్లు వేశాను, రూల్సు తెలియని జనమని తిట్టుకున్నాను. చివరికి ఎడమ నుంచి పక్కకు పోయి చూశాను. స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయిన కుర్రాడు. పక్కన పంచె కట్టిన పెద్దాయన, రోడ్డు మీదికి వేలు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు.

నాయన పోయి నాలుగేళ్ళయింది. చట్టం నా వైపే ఉంది, అందులో సందేహం లేదు. అయినా వేగం తగ్గించి వాళ్ళ వెనక్కి చేరాను. వెనకవాళ్ళ తిట్లూ హారన్లూ ఆ పెద్దాయన దాకా పోకుండా మధ్యలో నేనే ఉండి, చంద్రగిరి దాకా నలభైలోనే వచ్చాను.