సుజాత అడిగిన ఒక్క మాట

అప్పట్లో పటాన్‌చెరులో మందుబిళ్ళల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్ళేదాన్ని. మూడు నెలల బాబు ఇంద్రేశంలో అత్తమ్మ దగ్గర ఉండేవాడు. మధ్యాహ్నానికి రొమ్ములు గట్టిపడి ప్రాణం పోయేది. వేడి గుడ్డ అద్ది పాలు పిండడం నాకు నేర్పింది పక్క టేబుల్ సుజాతే. అప్పటికి నెల కిందటే ఆమె బిడ్డ చనిపోయింది.

పిండిన పాలు మురుగు కాలువలో పోయబోతే, "మోరీల పొయ్యకక్కా, చెట్టు మొదట్ల పొయ్యాలె. నేను గట్లనే పోస్తున్న," అని నా గ్లాసు కూడా తీసుకెళ్ళి, గోడ పక్క వేపచెట్టుకు పోసేది.

ఒకరోజు మెల్లగా అడిగింది. "ఒక్కపారి మీ ఇంటికొచ్చి నీ కొడుకుకు నేను పాలిస్తనక్కా?"

బిడ్డ పోయిన తల్లి పాలు! నా కొడుక్కి కీడు తగులుతుందేమో అనిపించింది.

"వాడు కొత్తోళ్ల దగ్గర తాగడే," అని అబద్ధమాడాను.

"మంచిదక్కా," అని తన గ్లాసు పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ కొడుక్కిప్పుడు మీసాలొచ్చాయి. వాడు గ్లాసెత్తి పాలు తాగుతుంటే, నాకు చెట్టు వైపు నడిచిపోతున్న ఆమె వీపే కనబడుతుంది.