మా అయ్యవారు చూడని ప్లేటు

నిన్న ఉదయగిరి నుంచి కార్డు వచ్చింది. మా సైన్సు అయ్యవారు పోయి ఎనిమిది రోజులయిందని ఆయన భార్య ఎవరిచేతో రాయించారు. చదివి, జేబులో పెట్టుకుని, లాబరేటరీలో ఒక మూల కూర్చుండిపోయాను.

మీలో ఆత్మకూరులో చదువుకున్నవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటారు. సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు తగిలేదాకా వదిలేవారు కారు. "కనపడనిదాన్ని లేదనబాకండిరా" అనేవారు. నేనీ చదువులోకి వచ్చింది ఆ మాట వల్లే.

ఉదయగిరికి బదిలీ అయ్యాక ఆయన మనసు రోషెల్ లవణం మీద పడింది. చూడటానికి పటికలా ఉంటుంది. చల్లబరిస్తే పైకి ఏమీ మారదు గానీ, లోపల అణువుల అమరిక మారిపోతుంది. అందులో హైడ్రోజన్ ఒక ఆక్సిజన్‌ను పట్టుకునే ఉండి, ఇంకో ఆక్సిజన్‌వైపు మొగ్గుతుంటుంది. చల్లబడితే ఆ పట్టు ఏమవుతుందో చూడాలని ఆయన కోరిక. స్ఫటికం పెంచడం ఆయన వంతు. దాని మీద పాదరసపు దీపం వెలుగు వేసి, చెదిరిన వెలుగులోని గీతలను ఫోటో ప్లేటు మీద పట్టడం నా వంతు. అణువుల కదలిక ఆ గీతల్లో తెలుస్తుంది.

మొదటి స్ఫటికం మా మెట్ట ఎండగాలికి తెల్లబడుతుందని ఆముదంలో ముంచి పంపారు. ఎంత తుడిచినా జిడ్డు వదల్లేదు, ప్లేటంతా మసకే. ఆ సంగతి రాస్తే, రెండోదాన్ని చెక్కపెట్టెలో దూది మధ్య పెట్టి, బస్సులోనూ రైల్లోనూ ఒళ్లోనే ఉంచుకుని తెచ్చారు.

ప్లేటుకు అయిదు రోజులు వెలుగు తగలాలి. ఆయన సెలవు మూడు రోజులే. ఏమీ కనిపించదని తెలిసీ మూసిన కెమెరా ముందు స్టూలేసుకుని కూర్చున్నారు. వెళ్లే పొద్దున ఉండబట్టలేక, ఇప్పుడే తీసి కడిగి చూపిస్తానన్నాను.

"నా కోసం తెరవబాక అబ్బయ్యా. సగంలో తెరిస్తే దాంట్లో నా సెలవు కనపడతాది గానీ, ఉప్పు సంగతి కనపడదు" అన్నారు.

ఆ ప్లేటు బాగా వచ్చింది. హైడ్రోజన్ గీత వెడల్పాటి చారలా పడింది. వెంటనే పంపాల్సింది. స్ఫటికాన్ని మంచుగడ్డల మధ్య పెట్టి ఇంకో ప్లేటు తీసి, రెండూ నేనే తీసుకెళ్లి చూపిద్దామని ఆగాను. ఆ తెలివికి ఇప్పుడు నామీద నాకే ఒళ్లు మండుతోంది. ఆయన రెండు ఉత్తరాలు రాశారు. రెండింట్లోనూ తొందరేం లేదనే రాశారు.

రెండో ప్లేటు ఈ ఉదయం కడిగాను. రెండూ కిటికీ వెలుగుకు పక్కపక్కన పట్టుకున్నాను. చలువకు ఆ చార సన్నబడింది, వెంట్రుకవాసి పక్కకు జరిగింది. జరిగింది అయ్యవారూ, అని పైకే అనేశాను. ఆయన నాకంటే బాగా పొట్టి. చేతులు నా గుండెల దాకా దించి పట్టుకుని ఉన్నానని అప్పుడు చూసుకున్నాను. పైకెత్తబుద్ధి కాలేదు.