మాటు వేసిన కర్ర

నరసరావుపేటలో మంచం కోళ్లు చేసే కార్ఖానాలో నేను పెద్ద మేస్త్రీగా ఉన్నప్పుడు, కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో, మాకు ఒక కొత్త పని వచ్చింది. గురజాలలో ఆడపిల్లలకు కర్రసాము నేర్పే మాస్టారు ఒకాయన నలభై కర్రలు కావాలన్నారు. ఒక్కోటి మూడడుగులు, పట్టుకునే చోట కొంచెం సన్నంగా ఉండాలి. అప్పటికే నా భుజాలు అరిగిపోయాయి. ఇంకో ఏడాది చేసి మానేద్దాం అనుకుంటున్నాను.

లేత్ మీద చెక్కను రెండు మొనల మధ్య బిగిస్తాం. మోటారు తిప్పుతుంటే గుండ్రటి నోరున్న ఉలితో మూలలు తీస్తాం, చదును ఉలితో నునుపు చేస్తాం. తర్వాత గరుకు ఉప్పుకాగితంతో రుద్దుతాం. చివరికి తిరిగే చెక్కకు లక్క ముక్క అదిమితే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. నూనె గుడ్డతో రుద్దితే మెరుస్తుంది.

దెబ్బకు ఆగుతుందని తుమ్మ చెక్క తీసుకున్నాను. ముప్పై తొమ్మిది బాగా వచ్చాయి. నలభయ్యో దానిలో ముడి తగిలింది. ముడి అంటే చెట్టుకు కొమ్మ మొలిచిన చోటు. ఉలి తగలగానే అది ఊడిపోయి గుంట పడింది. వేరే చెక్క లేదు. మంచం కోడుకు చేసినట్టే ఆ గుంటలో లక్క, చెక్కపొడి కూరి, మళ్లీ తిప్పి, పైన లక్క పట్టించాను. దీన్ని మేం మాటు వేయడం అంటాం. వేసిన చోటు నాకే కనపడలేదు. సంతోషపడ్డాను కూడా.

మర్నాడు మాస్టారు వచ్చి రెండు కర్రలు తీసి ఒకదానితో ఒకటి గట్టిగా కొట్టి చూశారు. మా కార్ఖానా సావుకారు పక్కనే ఉన్నాడు.

"మా మేస్త్రీ చేతిలో ముడి కూడా కనపడదు మాస్టారూ!" అన్నాడు.

"కనపడకపోతే ఎట్టాగండీ? విరిగితే లేచిన చెక్క పేడు ఎదుటి పిల్ల కంట్లో దిగుద్ది," అని మాస్టారు నా వైపు తిరిగారు. "ముడులేమన్నా ఉన్నయ్యా మేస్త్రీ?"

సావుకారు ముందు, లేవని చెప్పాను. ఆయన కర్రలు ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు.

ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. "ఏందయ్యా, కంచం ముందర పెట్టుకొని దిక్కులు చూస్తన్నావ్?" అంది నా భార్య నాగేంద్రం. చెప్పాను.

"మంచం కోడు విరిగితే మనిషి నడుం పట్టుకొని లేస్తాడు. కన్ను పోతే దానికేం మాటేస్తావ్?" అంది.

తెల్లారి మొదటి బస్సుకు గురజాల పోయాను. మైదానంలో పిల్లలు రెండు వరసల్లో నిలబడి అప్పటికే కర్రలు కొట్టుకుంటున్నారు. ఆపండమ్మా అని అరిచాను. నిన్న అబద్ధం చెప్పానని, ఒక కర్రకు మాటు ఉందని మాస్టారితో చెప్పాను. ఏది అని అడిగారు.

నలభై కర్రలూ నేల మీద పరిచాను. ఎండకు పెట్టి చూశాను, గోటితో కొట్టి విన్నాను. దొరకలేదు.

"ఏంది తాతా, నువ్వేసిన మాటు నీకే దొరకట్లా? చానా గొప్పోడివే!" అంది ఒక పొడుగుపాటి పిల్ల. అందరూ నవ్వారు. నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

గీకడం ఒక్కటే మార్గం. గాజుపెంకు అడిగి తీసుకుని, ఒక్కో కర్ర మీద లక్క మొత్తం గీకుతూ కూర్చున్నాను. ఇరవై ఏడో కర్రకు, సరిగ్గా నడిమి భాగాన, బొటనవేలి గోరంత నల్లమచ్చ బయటపడింది. మాస్టారు దాన్ని రెండు రాళ్ల మీద ఆనించి కాలితో తొక్కారు. అక్కడే విరిగింది. జానెడు పేడు లేచింది. ఆ పేడును పిల్లలందరికీ చూపించారు.

నేను మోకాళ్లు పట్టుకుని లేవబోయాను.

"ఎక్కడికి? ఇయ్యాల ఒకటే ఉందంటన్నావ్. నిన్న ఒక్కటీ లేదన్నావ్. మిగతా పదమూడూ గీకు," అన్నారు మాస్టారు.

మళ్లీ కూర్చుని గీకాను. వాటిలో ఏమీ లేదు.

ఆ తర్వాత పని మానేసే దాకా కర్రసాము కర్రకు లక్క పెట్టలేదు. మెరుపు లేదని సావుకారు గొణిగినా ఆముదం రాసి ఇచ్చాను. మేస్త్రీ మాట నమ్మే పని లేకుండా, కొనేవాళ్లు చెక్కను తమ కళ్లతో చూసుకోవాలి. నేను నేర్చుకున్నది అదే.