పెద్దమ్మ శనివారాలు

దక్షిణాఫ్రికాలో, ఈ చాట్స్‌వర్త్‌లో మా పక్కింటి పెద్దమ్మ పోయింది. శుక్రవారం పొద్దున పెరట్లో కరివేపాకు కోస్తూ కూలబడిందట. నేను ఆసుపత్రి డ్యూటీలో ఉండగా ఫోను వచ్చింది. రక్తసంబంధం ఏమీ లేదు. తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటేడు తెనాలి నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి, పక్కింట్లో తెలుగు వినబడితే గోడ దగ్గరికి పరుగెత్తి, పెద్దమ్మా అని పిలిచేశాను. ఆవిడ తాతలు చెరుకు తోటల కూలికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆ తెలుగు సగం అరిగిపోయినా, నాకు మాత్రం అమ్మ పలకరించినట్టే ఉండేది.

ఇద్దరం క్రైస్తవులమే. కాకపోతే ఆవిడ విశ్రాంతి దినం శనివారం. శుక్రవారం పొద్దు గుంకిందంటే మర్నాడు గుంకేదాకా పొయ్యి వెలగదు, చీపురు కదలదు. నాకా, ఆదివారం చర్చి తప్ప తెలియదు. మొదటి చలికాలం, సముద్రపు ఒడ్డుకి సార్డిన్ చేపలు కొట్టుకొచ్చాయని ఊరంతా బకెట్లు పట్టుకుని పరుగెత్తితే నేనూ వెళ్ళాను. శుక్రవారం సాయంత్రం బకెట్ నింపుకుని, పులుసు పెట్టించుకుందామని ఆవిడ గుమ్మంలో దిగాను. జూన్ అంటే మన దగ్గర ఏడింటిదాకా వెలుగు! ఇక్కడ అది చలికాలం, అయిదింటికే చీకటి పడుతుందన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

“పొద్దు గుంకిపోయె అమ్మీ,” అంది పెద్దమ్మ. చేపలు ఎదురింటివాళ్ళకి ఇచ్చి రమ్మంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిరిగొచ్చేసరికి, మధ్యాహ్నమే వండి దుప్పటి చుట్టి ఉంచిన గిన్నెలోంచి బీన్స్ కూర వడ్డించి కూర్చోబెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. అప్పట్నుంచి డ్యూటీ లేని శనివారాలన్నీ అక్కడే. కాలు ఒకచోట నిలవని నాకు, ఏ పనీ లేకుండా కూర్చోవడం ఆవిడే నేర్పింది.

ఆవిడకున్న దిగులల్లా తమ్ముడే. ఆయన ఆదివారం చర్చికి సంఘ పెద్ద. ఆరాధన కాగానే వచ్చి, శనివారం మిగిలిన కూరే తింటూ వాదించేవాడు. క్రీస్తు వచ్చాక పాత నిబంధన ధర్మశాస్త్రం తీరిపోయింది, మనం కృప కింద ఉన్నాం అనేవాడు. దేశంలోనే తెల్లవాళ్ళు పెట్టిన పాత చట్టాలన్నీ కొట్టేస్తుంటే అక్క ఒక్కతే పాతదాన్ని పట్టుకు వేలాడుతోందని ఎగతాళి చేసేవాడు. రంగును బట్టి మనుషుల్ని విడదీసి, క్లెయిర్‌వుడ్‌లో తమ కూరగాయల తోట లాక్కున్న చట్టం పోతే తనేమైనా ఏడ్చిందా అని ఆవిడ ఎదురడిగేది. దేవుడి ఆజ్ఞ వేరు అనేది.

“నాయన షాకాస్‌క్రాల్ తోటల్లో చెరుకు కొట్టినాడు. పని చేయించే సర్దారుకి శనోరం లేదు, ఆదోరం లేదు. దేవుడొక్కడే పనోడు గూడా కూకోవాల అన్నాడు. ఆ మాట నేనెట్లా కొట్టేసేది?”

తమ్ముడు ఇంకో ముద్ద కలుపుకునేవాడు. ఎవరిది న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆదివారం చర్చి నేను మానలేదు, ఆవిడ మానమనీ అనలేదు. తమ్ముణ్ణి మాత్రం ఒకటే అడిగేది: ఒక్క శనివారం రమ్మని, వాదించనని, ఊరికే పక్కన కూర్చోమని. శనివారం ఆ గడప తొక్కితే ఓటమి ఒప్పుకున్నట్టేనని ఆయన పట్టుదల. అయినా శుక్రవారం వంటలో ఆయన వాటా ఉండాల్సిందే. శనివారం గేటు చప్పుడైతే చాలు, ఆవిడ మాట ఆపి అటు చూసేది. ఎవరో వేరేవాళ్ళు వచ్చేవారు.

ఆవిడ పోయిన సాయంత్రం తమ్ముడి సంఘంవాళ్ళు రేపే భూస్థాపన చేద్దామన్నారు. శనివారమైతే అందరికీ సెలవు, ఆదివారం ఆయనకి ఆరాధన ఉంటుంది. ధర్మశాస్త్రం తీరిపోయిందని మీరే కదా చెప్పేది అని ఒకాయన గుర్తు కూడా చేశాడు.

“నాకు తీరిపోయె,” అన్నాడు తమ్ముడు. “అక్కకి లేదు. ఆదోరం పెడదాం.”

మర్నాడు పొద్దున్నే వచ్చి ఆవిడ వరండాలో కూర్చున్నాడు. పెద్దమ్మ మార్చురీలో ఉంది. ఆయన బైబిలు తెరవలేదు, ఎవరితోనూ వాదించలేదు. అన్నేళ్ళు ఎదురుచూసిన శనివారం వచ్చింది పెద్దమ్మా, చూడ్డానికి నువ్వే లేవు అనుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. కొండ మీది ఇళ్ళ వెనక్కి పొద్దు వాలిపోయింది. వీధి దీపాలు వెలిగాయి. ఇక లేవండి మావయ్యా, శనివారం అయిపోయింది అన్నాను.

“ఇంకాసేపు అమ్మీ,” అని ఆయన అక్కడే కూర్చున్నాడు.